హైదరాబాద్ కార్పొరేట్ లా ఫర్మ్‌లో కొత్తగా చేరుతున్న జూనియర్లకు

జిల్లాల్లో లా చదివి ఇక్కడ పెద్ద ఫర్మ్‌లో చేరబోతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముందు రూము సంగతి చూసుకోండి. ఆఫీసు మాదాపూర్, గచ్చిబౌలి వైపైతే అద్దె కాస్త ఎక్కువైనా అటే ఉండండి. డీల్ క్లోజింగ్ రోజుల్లో మెట్రో ఆగిపోయాక గానీ ఆఫీసు వదలరు. పగటి తిరుగుడికి మాత్రం మెట్రోనే నయం. రాయదుర్గంలో ఎక్కి నాగోల్‌లో దిగితే అక్కణ్నుంచి బండ్లగూడ కార్పొరేట్ భవన్‌కి ఆటోలో వెళ్లొచ్చు. కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాల్సింది అక్కడికే. హైకోర్టుకైతే అమీర్‌పేటలో మారి ఎంజీబీఎస్‌లో దిగండి.

లాయరుగా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, అదే ఎన్‌రోల్‌మెంట్, వాయిదా వేయకండి. జనరల్ వాళ్ల దగ్గర 750, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఏఐబీఈ, అంటే ఆల్ ఇండియా బార్ పరీక్ష, రాసేయండి. ఇంకోటి, చాలా ఫర్మ్‌లు జూనియర్లకు ఇచ్చేది జీతం కాదు, రిటైనర్, అంటే ఉద్యోగిగా కాకుండా పనికిచ్చే ఫీజు. 10 శాతం టీడీఎస్ పోతుంది, పీఎఫ్ ఉండదు. ఆఫర్ లెటర్‌లో ఆ లైను చదివాకే సంతకం పెట్టండి.

ఇక అసలు మాట. ఇంగ్లిష్ ధారాళంగా రాదని మీటింగుల్లో ముడుచుకుపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ఈ ఊళ్లో పెద్ద డీల్ ఏదైనా చివరికి భూమి దగ్గర ఆగుతుంది, తెలుగులో ఉండే ఆ కాగితాలు చదవగలిగేది మీరే. భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. భూమి ఎవరిది, సాగు ఎవరిది అని చెప్పే పాత రెవెన్యూ రికార్డు, 1954-55 ఖాస్రా పహాణీ తప్పక తీయించండి. అందులో పట్టాదారు ఒకరు, సాగులో ఉన్నది ఇంకొకరు అయితే అక్కడే ఆగి, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు ఉన్నాడా, అతనికి యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఇచ్చారా అని చూడండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమైతే 1977 చట్టం అమ్మకాన్ని అడ్డుకుంటుంది. సేత్వార్, అంటే పాత సర్వే నాటి భూమి రిజిస్టరు, ఉర్దూలో ఉంటే ఊహించి రాయకండి, చదవగలిగిన వాళ్లతో చదివించండి.

సర్వే నంబర్లతో మరీ జాగ్రత్త. పహాణీలో 112/అ, 112/ఆ అని రెండు వేర్వేరు ముక్కలుంటాయి. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు టైపిస్టు రెండింటికీ ‘ఏ’ అనే కొట్టేస్తే ఇద్దరు రైతుల భూమి ఒకరి ఖాతాలో పడుతుంది. సీనియర్లు చూసేది ఇంగ్లిష్ కాపీనే కాబట్టి అసలు పహాణీ ఎదురుగా పెట్టుకుని మీరే సరిచూడాలి, విస్తీర్ణం ఎకరాలు గుంటలతో సహా. తేడా కనిపిస్తే పార్ట్‌నర్‌కి అప్పుడే చెప్పండి, ఎంత రాత్రయినా సరే. భూమి హక్కులపై మన రిపోర్ట్ క్లయింట్ చేతికి వెళ్లాక చెబితే లాభం లేదు.

ఎమ్మార్వో ఆఫీసుకి మీ క్లర్కు వెళ్తున్నప్పుడు మొదటి నెలల్లో వెంట వెళ్లండి. ఏ రికార్డు ఎవరి దగ్గరుంటుందో ఆయనకే తెలుసు. వయసులో పెద్దవారు, ‘అన్నా’ అనో ‘సార్’ అనో మర్యాదగా అడగండి, విసుక్కోకుండా చూపిస్తారు.