మా కుక్క కోళ్ల వెంటపడటం ఎలా మానిందంటే

ఏడాది వయసున్న నాటు కుక్క, పెరట్లో 8 కోళ్లు. పెట్ట రెక్క విదిలిస్తే చాలు, ఉరికేది; రెండు పోయాయి. తిట్టడం, రోజంతా కట్టేయడం, చచ్చిన కోడిని మెడకు కట్టడం (ఇది మాత్రం చేయకండి) ఏదీ పనిచేయలేదు.

చివరికి, ముందు అరగంట నడిపించి అలిసిపోయాక, పెట్టను గంప కింద మూసి, కుక్కను తాడుతో 15 అడుగుల దూరంలో కూర్చోబెట్టా. అది చెవులు నిక్కబొడుచుకుని గంపనే చూస్తున్నంతసేపూ నేను కదల్లేదు. తల తిప్పి నా వైపు చూసిన ఆ క్షణంలోనే ఉడికించిన గుడ్డు ముక్క పెట్టా (అవును, కోడిగుడ్డే, నవ్వకండి). రోజుకు 10 నిమిషాలు, కుదిరినప్పుడు ఓ అడుగు దగ్గరికి. మూడో వారం గంప తీశా, తాడు వదల్లేదు. రెండు నెలలకు, కోళ్లు పక్కనే గింజలు ఏరుకుంటున్నా పడుకునే ఉంటోంది.

పిల్లలకోడి దగ్గర, మేం ఇంట్లో లేనప్పుడు ఇప్పటికీ నమ్మను. వేట బుద్ధి బాగా ఉన్న కుక్కకి ఇది కుదరకపోవచ్చు.