పెళ్ళికి అమెరికా వెళ్ళే అమ్మాయికి ఇన్సూరెన్స్: ముందు ముహూర్తం తేల్చుకోండి

మా చెల్లెలి కూతురు ఆషాఢంలో అమెరికా వెళ్ళింది. పెళ్ళయ్యాక వెళ్ళడం కాదు, పెళ్ళి చేసుకోవడానికే వెళ్ళడం. అబ్బాయి అక్కడే పుట్టి పెరిగినవాడు, పౌరుడు. వాళ్ళ నానమ్మ చక్రాల కుర్చీలో ఉంది, ఆవిడ కళ్ళముందు పెళ్ళి జరగాలని వాళ్ళ పట్టు. దాంతో కె-1 వీసా, అంటే అమెరికా పౌరుణ్ణి అక్కడికెళ్ళి పెళ్ళి చేసుకోబోయేవాళ్ళకు ఇచ్చేది. "మూడు ముళ్ళూ పడకుండా పంపేస్తారా" అని అంబాజీపేటలో అడిగినవాళ్ళందరికీ మా చెల్లి సమాధానం చెప్పుకుంది. ఇన్సూరెన్స్ పని మాత్రం నా నెత్తిన పడింది. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో పదమూడేళ్ళు కూర్చున్నదాన్ని కాబట్టి పాలసీ కాగితాలు నాకు కొట్టినపిండి అని ఇంట్లో నమ్మకం. అందులో సగం నిజం.

ముందు పాలసీలు వెతకొద్దు. కాగితం మీద మూడు తేదీలు రాసుకోండి. అమ్మాయి అక్కడ దిగే రోజు. చట్టప్రకారం పెళ్ళయ్యే రోజు. అబ్బాయి ఆఫీసు ఇన్సూరెన్స్‌లో అమ్మాయి పేరు ఎక్కే రోజు. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఉన్న కాలమే మీరు కొనాల్సింది. అందరూ పెళ్ళిరోజు దాకా లెక్కేసి ఆగిపోతారు. మూడో తేదీ గుర్తుండదు.

కె-1 మీద దిగిన 90 రోజుల్లోపు పెళ్ళి కావాలి, అదీ ఆ అబ్బాయితోనే. పెళ్ళయ్యేదాకా చాలా ఆఫీసు ఇన్సూరెన్సులకు ఆ పిల్ల పరాయిదే. పెళ్ళయ్యాక అబ్బాయి తన ఆఫీసులో చెప్పి ఆమె పేరు చేర్పించాలి. దీనికి చట్టం కనీసం 30 రోజుల గడువిస్తుంది. ఆ గడువు దాటితే మళ్ళీ ఏడాదికోసారి వచ్చే నమోదు దాకా ఆగాల్సి రావచ్చు. చేర్పించిన వెంటనే అమల్లోకి వస్తుందనీ లేదు, చాలాచోట్ల తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచే. పెళ్ళిరోజు నుంచే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అబ్బాయిని అడగమనండి. మొహమాటపడే విషయం కాదిది.

మా పిల్ల జూలై 5న డల్లాస్‌లో దిగింది. టెక్సస్‌లో పెళ్ళి లైసెన్స్ తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగితే చాలు, ఆ వారంలోనే చట్టప్రకారం పెళ్ళి అయిపోయేది. ఇన్సూరెన్స్ ఆగస్టు ఒకటికే వచ్చేసేది. నేనదే చెప్పాను. "కాగితం పెళ్ళైనా సరే, ఆషాఢంలోనా అక్కా!" అని మా చెల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సరే, శ్రావణంలో, ఆగస్టు 14న ముహూర్తం. (మన పంచాంగం చూసి పెట్టిన లగ్నం డల్లాస్‌కు పనికిరాదు. అక్కడి సూర్యోదయానికి లెక్క కట్టించుకోండి, అది వేరే కథ.) అంటే ఆఫీసు ఇన్సూరెన్స్ సెప్టెంబరు 1 నుంచి. ఏదైనా ఆలస్యమైతే పనికొస్తుందని నేను సెప్టెంబరు 30 దాకా, మొత్తం 88 రోజులకు తీసుకున్నాను. అక్కడి రిజిస్టర్ ఆఫీసు నుంచి పెళ్ళి సర్టిఫికెట్ చేతికి రావడానికీ టైం పడుతుంది కదా.

ఇక పాలసీ. మొదట ఇక్కడి ఏజెంట్ ఒకాయన ట్రావెల్ పాలసీ తెచ్చాడు. కాగితం చదివితే ప్రయాణ కారణం దగ్గర "పర్యటన" అని ఉంది. ఇదేంటండీ అంటే, "ఆయ్, అందరికీ అలాగే రాస్తామండి, ఏం పర్లేదు" అన్నాడు. పర్లేదు అన్నమాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదని కౌంటర్లో కూర్చున్నదానికి తెలియదా? ఇక్కడి ట్రావెల్ పాలసీలు వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళ కోసం రాసినవి, ఉండిపోవడానికి వెళ్ళేవాళ్ళను చాలావాటిలో ఒప్పుకోరు. కె-1 అని చెప్పి, కవర్ ఉంటుందని మెయిల్లో రాయించుకోగలిగితే తీసుకోండి. మాకు రాసివ్వలేదు. ప్రయాణానికి ముందే రద్దు చేయించాం కాబట్టి కొంచెం కోత పడినా డబ్బు వెనక్కొచ్చింది.

తర్వాత చూసింది అమెరికా కంపెనీలు అమ్మే విజిటర్ ఇన్సూరెన్స్. ఆన్‌లైన్లో ఇక్కడినుంచే కొనొచ్చు, కార్డు మెయిల్‌కే వస్తుంది. ఇందులో రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్: గదికి రోజుకింత, డాక్టరుకింత, ఆపరేషన్‌కింత అని లెక్క కట్టి ఇస్తారు. చూడ్డానికి మన ఆరోగ్యశ్రీ ప్యాకేజీలా ఉంటుంది, చవక కూడా. తేడా ఎక్కడంటే, ఆరోగ్యశ్రీ రేటుకు ఆస్పత్రి ముందే ఒప్పుకుని ఉంటుంది. ఈ ఫిక్స్‌డ్ రేటుకు అమెరికా ఆస్పత్రి ఎప్పుడూ ఒప్పుకోలేదు. మిగతాదంతా పిల్ల నెత్తినే. రెండోది కాంప్రెహెన్సివ్: వచ్చిన బిల్లులోనే వాటా కడతారు. నా ఓటు దీనికే.

దీని లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. డిడక్టిబుల్ (కంపెనీ కట్టడం మొదలెట్టేముందు మనం కట్టాల్సింది) 250 డాలర్లు, ఆ తర్వాత 5,000 దాకా కంపెనీ 80 శాతం, ఆపైన పాలసీ పరిమితి దాకా మొత్తం కంపెనీదే అని ఉందనుకోండి. బిల్లు 6,250 వస్తే ముందు 250 మనవి, తర్వాతి 5,000లో వెయ్యి మనవి, చివరి వెయ్యి కంపెనీది. మొత్తం మన చేతినుంచి 1,250. ఇదంతా నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న జాబితాలో ఉన్న ఆస్పత్రికి వెళ్తేనే. ఆస్పత్రికి ఫోన్ చేసినప్పుడు "మీరు ఇన్సూరెన్స్ తీసుకుంటారా" అని కాదు, కార్డు మీదున్న నెట్‌వర్క్ పేరు చెప్పి "ఇందులో ఉన్నారా" అని అడగాలి. మొదటి ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు.

కవర్ కానివాటి పేజీ ముందు చదవండి. పాత జబ్బులు, గర్భం, కాన్పు, మామూలు చెకప్‌లు, టీకాలు, పళ్ళు (ఏదో కొంచెం నొప్పికి తప్ప) ఇవన్నీ సాధారణంగా బయటే. మా పిల్లకు థైరాయిడ్ ఉంది. టెస్టు ఇక్కడే చేయించి, మూడు నెలల మాత్రలు, మందు అసలు పేరుతో రాసిన చీటీ సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టాం. రూట్ కెనాల్ కూడా అమలాపురంలోనే చేయించాను. పెళ్ళయ్యాక గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెడితే, ప్రత్యేక అనుమతి లేకుండా దేశం దాటకూడదు. దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. పన్ను నొప్పని పరిగెత్తుకు రావడం కుదరదు. టీకాలు కె-1 మెడికల్‌కు తప్పనిసరి కాదు గానీ గ్రీన్ కార్డుకు కావాలి, ఇక్కడే వేయించేయండి.

అమ్మాయికి గట్టి జబ్బేదైనా ఉండి మందులు, డాక్టరు తప్పనిసరైతే విజిటర్ పాలసీ దండగ. అక్కడి ప్రభుత్వం నడిపే మార్కెట్‌ప్లేస్‌లో, దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకు 60 రోజుల గడువుంటుంది. అందులో కొనే పాలసీ పాత జబ్బుందని కాదనదు. ఖర్చు ఎక్కువే, అమలయ్యేదీ తర్వాతి నెల నుంచే. అయినా అలాంటి పిల్లకు అదే దారి.

అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటే ఇంకో లెక్క. పెళ్ళి కోసం ఇచ్చే ఆరు నెలల వీసాకు హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే రుసుము) కట్టించుకోరు, అందుకే పెద్దాస్పత్రి వైద్యం ఉచితమూ కాదు, మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వేస్తారు. ఎమర్జెన్సీ విభాగంలో చూసేదానికీ వీధి డాక్టరుకీ డబ్బు తీసుకోరు. జర్మనీలో అబ్బాయి ప్రభుత్వ బీమాలో ఉంటే, సంపాదన లేని భార్య పెళ్ళయ్యాక అందులోనే అదనపు ప్రీమియం లేకుండా చేరుతుంది. పెళ్ళిదాకా మాత్రం ప్రైవేటుది తీసుకోవాలి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. మన ఇంటిపేర్లతో ఇదొక తంటా, పాస్‌పోర్టులో ముందు, పాన్ కార్డులో వెనక, ఆధార్‌లో పొడి అక్షరం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకునేదుంటే, పాత క్లెయిములు తేలేదాకా ఆగమనండి.

మాకు క్లెయిమ్ రానే వచ్చింది. పెళ్ళికి పది రోజుల ముందు, మనకు తెల్లవారుజాము నాలుగింటికి ఫోన్. "దొడ్డమ్మా, వేలు కోసుకుపోయింది." కోనసీమ పిల్ల, చుట్టూ కొబ్బరితోటల్లో పెరిగింది, అక్కడ కొబ్బరి కోరాం లేక చిప్పలోంచి కొబ్బరి చాకుతో పెకలించబోయిందట. చాకు జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. అబ్బాయి కంగారుగా ఎమర్జెన్సీకి బయల్దేరుతుంటే ఆపాను. రక్తం ఆగుతోందా, వేలు కదులుతోందా, స్పర్శ తెలుస్తోందా? అన్నిటికీ అవునంటే అర్జెంట్ కేర్‌కు (ప్రాణం మీదకు రాని చిన్న దెబ్బలకు చూసే క్లినిక్) పొమ్మన్నాను. మా పాలసీలో అర్జెంట్ కేర్‌కు డిడక్టిబుల్ లేదు, 30 డాలర్లు కడితే చాలు. ఎమర్జెన్సీకి వెళ్ళి అడ్మిట్ కాకపోతే పైన ఇంకో 250. ఈ రెండు లైన్లూ కొనేముందే పసుపు పెన్నుతో గీసి పంపాను. ప్రాణం మీదకొస్తే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

మూడు కుట్లు పడ్డాయి. ధనుర్వాతం టీకా ఇక్కడ వేయించిందే కాబట్టి మళ్ళీ అక్కర్లేకపోయింది. ఏ పనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అక్కడికక్కడే అడిగి తీసుకోమన్నాను. మొత్తం ఒక్క అంకె వేసిన రసీదు పంపితే క్లెయిమ్ నెలలకొద్దీ తిరుగుతుంది.

సెప్టెంబరు ఒకటిన ఆఫీసు ఇన్సూరెన్స్ వచ్చాక మిగిలిన నెల డబ్బు వెనక్కి అడిగాం. ఇలాంటి పాలసీల్లో క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజులకు ఇస్తారు, ఉంటే ఇవ్వరు. ఇవ్వలేదు. ఆ నెల ప్రీమియం డెబ్భై డాలర్ల లోపే. మా చెల్లి మాత్రం ఇంకా బాధపడుతూనే ఉంది, మొన్న పార్సిల్లో కొబ్బరి కోరాం పంపింది.