అటకలో హీటర్, కింద హబ్: డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి జిగ్బీ సంగతులు

ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు రెండంతస్తుల ఇల్లు తీసుకున్నవాళ్లు ముందుగా రంగుల బల్బులూ డోర్‌బెల్లూ కొంటారు. నన్నడిగితే మొదట కొనాల్సింది నీళ్ల లీకేజీ సెన్సర్. ఇక్కడ చాలా ఇళ్లలో వాటర్ హీటర్ అటకలో ఉంటుంది. ట్యాంకు కారడం మొదలైతే నీళ్లు సీలింగ్‌ని నానబెట్టుకుంటూ బెడ్‌రూమ్‌లోకి దిగుతాయి. సెన్సర్ ఖరీదు పెద్దగా ఉండదు. నేను చెప్పేది జిగ్బీ సెన్సర్ గురించి; జిగ్బీ అంటే స్మార్ట్ పరికరాలు మాట్లాడుకునే, వైఫై కాని ఇంకో వైర్‌లెస్ పద్ధతి. చిక్కల్లా అటకలోంచి దాని సిగ్నల్ కింద టీవీ పక్కనున్న హబ్‌దాకా, అంటే ఈ పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టెదాకా, రాకపోవడమే.

అప్పుడు చాలామంది వైఫై ఎక్స్‌టెండరో ఇంకో హబ్బో కొంటారు. రెండూ దండగే. వైఫై ఎక్స్‌టెండర్ జిగ్బీ సిగ్నల్‌ని మోయదు. రెండో హబ్ తన నెట్‌వర్క్ తను పెట్టుకుంటుంది. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జికి (అదీ ఒక హబ్బే) కలిపిన బల్బు, స్మార్ట్‌థింగ్స్ హబ్‌కి కలిపిన సెన్సర్ పక్కనే ఉన్నా దానికి సాయం చేయదు. కావాల్సింది దారి మధ్యలో ఒక జిగ్బీ స్మార్ట్ ప్లగ్, అంతే.

కరెంటు మీద నడిచే జిగ్బీ పరికరాల్లో ఎక్కువభాగం పక్కవాటి సందేశాలు అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీవి ఆ పని చేయవు, ఛార్జి మిగుల్చుకోవడానికి ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాయి. అంచేత ఇల్లంతా సెన్సర్లు నింపినా నెట్‌వర్క్ బలపడదు. ప్లగ్ కొనేటప్పుడు పెట్టె మీద జిగ్బీ అని ఉందో లేదో చూడండి, చౌకగా దొరికేవి ఎక్కువగా వైఫైవి. బల్బులన్నీ కూడా సందేశాలు మోయవు. సెంగ్లెడ్ జిగ్బీ బల్బులకి ఆ గుణమే లేదు. నిజానికి అదే మేలు, ఎందుకంటే బల్బుకి గోడ మీద స్విచ్ ఉంటుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకని వస్తారు. గదిలోంచి బయటికొస్తూ స్విచ్ ఆపేయడం వాళ్ల చేతికున్న అలవాటు. ఆ బల్బే దారి అయితే, లైటుతో పాటు అటకలో సెన్సర్ కూడా తెగిపోతుంది. వాళ్లచేత మాన్పించలేం, మాన్పించక్కర్లేదు కూడా. బల్బుని వదిలి ప్లగ్‌ని నమ్ముకోండి. ఒకటి మాత్రం గమనించండి: ఇక్కడి హాళ్లలో, బెడ్‌రూముల్లో ఒకటో రెండో అవుట్‌లెట్లు గోడ స్విచ్‌తో ఆగిపోతాయి. ప్లగ్ అందులో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

కింద హబ్, మెట్ల దగ్గర ఒక ప్లగ్, పై అంతస్తులో సరిగ్గా హీటర్ కిందికొచ్చే గదిలో ఇంకోటి. మామూలు ఇంటికి ఇది చాలు, చెక్క ఫ్రేములూ జిప్సమ్ గోడలూ సిగ్నల్‌ని పెద్దగా ఆపవు. ఫ్రిజ్, పెద్ద అద్దం, ఏసీ డక్టులు మాత్రం ఆపుతాయి. అటకలోనే ప్లగ్ పెట్టేద్దామనుకోకండి. చాలా ప్లగ్‌లు 40 డిగ్రీల సెల్సియస్ వరకే పనికొస్తాయి, టెక్సస్ ఎండాకాలంలో అటక అంతకంటే బాగా వేడెక్కుతుంది.

ముందు ప్లగ్‌లని హబ్‌కి దగ్గరున్న దానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలపండి, తర్వాత సెన్సర్‌ని అది ఉండబోయే చోటే పెట్టి కలపండి. ఇదివరకే కలిపిన సెన్సర్లు కొన్ని పాత దారినే పట్టుకుని వేలాడతాయి, అకారా కంపెనీవి మరీను. వాటిని కొత్త ప్లగ్ దగ్గర మళ్లీ పెయిర్ చేస్తే సరిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే చుట్టుపక్కల వైఫైల గోల కూడా ఉంటుంది. వైఫైకి ఇక్కడ సాధారణంగా వాడే 1, 6, 11 చానెళ్లూ, జిగ్బీ 11 నుంచి 26 దాకా చానెళ్లూ అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉన్నాయి. జిగ్బీ 25 వైఫై తాకిడికి కాస్త ఆవల పడుతుంది. 26ని కొన్ని పరికరాలు పట్టుకోవు. చానెల్ మార్చేదుంటే మొదట్లోనే మార్చండి, తర్వాతైతే కొన్నిటిని తిరిగి కలుపుకోవాల్సి రావచ్చు. హబ్ బదులు కంప్యూటర్లో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, దానికి జిగ్బీ యూఎస్‌బీ డాంగిల్ వాడేవాళ్లు ఆ డాంగిల్‌ని ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కంప్యూటర్‌కి దూరంగా పెట్టాలి, యూఎస్‌బీ 3 పోర్టు రొద సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ మీదే పడుతుంది.

ఇండియాలో కొన్నవి తెచ్చుకోవచ్చా? బ్యాటరీ జిగ్బీ సెన్సర్లు తెచ్చుకోవచ్చు. ప్లగ్‌లు వద్దు, అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120, పిన్నులూ వేరు. జిగ్బీలాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి జెడ్-వేవ్, దాని పరికరాలు అసలే వద్దు. అది ఇండియాలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర, అమెరికాలో 908 దగ్గర నడుస్తుంది, ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడ స్విచ్‌లు విప్పి స్మార్ట్ స్విచ్‌లు బిగించే పని పెట్టుకోకండి, డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

అన్నీ అయ్యాక సెన్సర్ కింద తడిగుడ్డ పెట్టి, ఫోన్‌కి అలర్ట్ వస్తోందో లేదో చూడండి. ఇండియా ప్రయాణానికి ముందు మరోసారి చూడండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో కరెంటు పోయి, ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. కరెంటు లేకపోతే ప్లగ్‌లూ ఉండవు, హబ్బూ ఉండదు. అందుకే ఊరెళ్లేటప్పుడు నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి, తాళం ఒకటి పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి.