చెక్ మ్యాప్‌లో ‘హోరా’ అంటే ప్రతిసారీ కొండ కాదు

చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియాలో నడకకు వెళ్తున్నారా? మ్యాప్‌లో పొలాలకు, లోయలకు ఉండే చిన్న చిన్న పేర్లను మామూలు చెక్ డిక్షనరీతో చదవకండి. ‘హోరా’ అంటే పుస్తక భాషలో కొండ. తూర్పు మొరావియా యాసలో మాత్రం అడవి! కాబట్టి ఎక్కాలేమోనని టెన్షన్ పడకుండా ముందు మ్యాప్‌లో ఎత్తును చూపే గీతలు చూసుకోండి.

మాత్సొఖా అగాధం దగ్గర ‘పుస్తీ ఝ్లెబ్’, ‘సుఖీ ఝ్లెబ్’ అని రెండు లోయలున్నాయి. ఝ్లెబ్ అక్కడి మాట. ప్రామాణిక చెక్‌లో అది ‘ఝ్లాబ్’, అంటే గాడి, పశువుల తొట్టి. ఆ నిటారు రాతి గోడల మధ్య నిలబడితే పేరు ఎందుకొచ్చిందో ఇట్టే అర్థమవుతుంది. సుఖీ అంటే ఎండినది. మన ‘శుష్కం’కు దూరపు చుట్టమే. బెస్కిడీ కొండల్లో ‘గ్రూన్’ కనిపిస్తే మాత్రం వాలు ఎక్కడానికి సిద్ధపడండి.