అప్లికేషన్ కంటే ముందు రాష్ట్రం: అమెరికాలో స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌కి వెళ్ళేవారికి జాగ్రత్తలు

స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్ అప్లికేషన్లు చాలా యూనివర్సిటీల్లో సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో తెరుచుకుంటాయి. గడువులు డిసెంబర్ మొదలుకొని మార్చి దాకా ఉంటాయి. ఈ సీజన్‌లో జరిగే పొరపాట్లు చాలావరకు దిద్దుకోగలిగినవే. ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) కుదరకపోతే మళ్ళీ రాసుకోవచ్చు, రికమండేషన్ లెటర్ ఆలస్యమైతే గుర్తు చేయవచ్చు. చదువు పూర్తయ్యాక గానీ బయటపడని పొరపాటు మాత్రం ఒకటుంది. అది, ఉద్యోగం చేయాలనుకుంటున్న రాష్ట్రం ఏమడుగుతుందో చూసుకోకుండా కోర్సులో చేరిపోవడం. కాబట్టి ముందు దాని సంగతి.

పబ్లిక్ స్కూల్లో కౌన్సెలర్‌గా చేరడానికి మాస్టర్స్ డిగ్రీ ఒక్కటే చాలదు, రాష్ట్రం ఇచ్చే అనుమతి పత్రం కావాలి. ఒక రాష్ట్రం దాన్ని లైసెన్స్ అంటుంది, ఇంకొకటి సర్టిఫికెట్ అంటుంది, కాలిఫోర్నియా క్రెడెన్షియల్ అంటుంది. పేర్లతో పాటు లెక్కలూ వేరు. కాలిఫోర్నియాలో ప్యూపిల్ పర్సనెల్ సర్వీసెస్ క్రెడెన్షియల్‌కి కనీసం 48 సెమిస్టర్ యూనిట్ల (అంటే క్రెడిట్ల) చదువు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో తొలి అభ్యాసం), 800 గంటల ఫీల్డ్‌వర్క్ కావాలి. కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ కేక్రెప్ 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్, 600 గంటల ఇంటర్న్‌షిప్ అడుగుతుంది. అంటే ఒకచోట క్రెడిట్లు ఎక్కువ, ఇంకోచోట గంటలు ఎక్కువ. ఒకదానికి సరిపోయినంత మాత్రాన రెండోదానికి సరిపోతుందనుకోకూడదు.

నిబంధనలు మారిపోతుంటాయి కూడా. టెక్సాస్‌లో స్కూల్ కౌన్సెలర్ కావాలంటే రెండేళ్ళు క్లాస్‌రూమ్ టీచర్‌గా పనిచేసి ఉండాలన్న షరతు చాలాకాలం ఉండేది. 2023లో వచ్చిన చట్టం దాన్ని తీసేసింది. అయినా ఆ పాత షరతు చాలాచోట్ల రాసి కనిపిస్తూనే ఉంటుంది. అది చూసి వెనక్కి తగ్గినా నష్టమే, పాత సమాచారం నమ్మి ముందుకెళ్ళినా నష్టమే. ఎవరో చెప్పినదాన్ని కాకుండా రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో లైసెన్సింగ్ విభాగం తెరిచి, స్కూల్ కౌన్సెలర్ పేజీ చదవండి. వేరే రాష్ట్రంలో చదివి వచ్చేవారి నిబంధనలు సాధారణంగా విడి పేజీలో ఉంటాయి, దాన్నీ చదవండి. అనుమానముంటే లైసెన్సింగ్ ఆఫీసుకే ఈమెయిల్ రాసి, జవాబును దాచుకోండి. ఫోన్‌లో విన్న మాట రెండేళ్ళ తర్వాత రుజువుగా నిలబడదు.

యూనివర్సిటీ వైపు నుంచి చూడాల్సిన పేజీ ఇంకొకటుంది. ఉద్యోగానికి లైసెన్స్ అవసరమైన కోర్సు నడిపే యూనివర్సిటీలు, తమ పాఠ్యాంశం ఏయే రాష్ట్రాల నిబంధనలకు సరిపోతుందో ప్రకటించాలి. ప్రొఫెషనల్ లైసెన్షర్ డిస్‌క్లోజర్ అన్న పేరుతో వెతికితే దొరుకుతుంది. మీ రాష్ట్రం పేరు అందులో సరిపోయేవాటిలో ఉందో, సరిపోనివాటిలో ఉందో చూసి, ఆ పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా భద్రపరచుకోండి. ఆన్‌లైన్ కోర్సులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కోర్సు ఒక రాష్ట్రంలో ఉంటుంది, ఇంటర్న్‌షిప్ మీరున్న రాష్ట్రంలో చేయాలి. ఉద్యోగం ఎక్కడో ఇంకా తేల్చుకోలేకపోతున్నారా? అయితే 60 క్రెడిట్లున్న కేక్రెప్ కోర్సు ఎంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. చాలా రాష్ట్రాలు కేక్రెప్ గుర్తింపును తప్పనిసరి చేయకపోయినా, రాష్ట్రం మారినప్పుడు ఫైల్ పరిశీలన తేలికవుతుంది.

ఆ గుర్తింపులోనూ ఒక మెలిక ఉంది. కేక్రెప్ గుర్తింపు యూనివర్సిటీ మొత్తానికి రాదు, ఒక్కో స్పెషలైజేషన్‌కి విడివిడిగా వస్తుంది. క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌కి గుర్తింపు ఉండి, పక్కనే ఉన్న స్కూల్ కౌన్సెలింగ్‌కి లేకపోవచ్చు. బ్రోషర్ మీద ముద్ర చూసి ఆగిపోకుండా, కేక్రెప్ డైరెక్టరీలో స్కూల్ కౌన్సెలింగ్ అన్న పేరుతోనే ఆ యూనివర్సిటీ ఉందో లేదో చూడండి. ఇంకా దరఖాస్తు దశలో ఉన్న కోర్సుని గుర్తింపు ఉన్నదానిగా లెక్కవేయకండి.

స్కూల్ సైకాలజీ కోర్సు పేరు చూసి పొరబడేవారూ ఉన్నారు. అది వేరే వృత్తి. అక్కడ పరీక్షలు పెట్టి పిల్లల అభ్యసన ఇబ్బందులు అంచనా వేయడం ప్రధానం, ఇంటర్న్‌షిప్ 1,200 గంటలు ఉంటుంది.

కాలం లెక్క ముందే వేసుకోవాలి. క్లాసులు సాయంత్రాలు ఉంటాయని ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చనుకుంటారు. క్లాసుల వరకూ అది నిజమే. ఇంటర్న్‌షిప్ మాత్రం స్కూల్ నడిచే పగటివేళల్లోనే జరగాలి. 600 గంటలను 15 వారాల సెమిస్టర్లు రెండింటికి పంచితే వారానికి 20 గంటలు, అంటే సుమారు మూడు స్కూలు రోజులు. ఇందులో 240 గంటలు నేరుగా విద్యార్థులతో గడపాలి, గదిలో కూర్చుని కాగితాలు చూస్తే లెక్కకు రాదు. ప్రాక్టికమ్ 100 గంటల్లో 40 గంటలకూ ఇదే షరతు. వేసవిలో స్కూళ్ళు మూసి ఉంటాయి కాబట్టి జనవరిలో చేరేవారు ఇంటర్న్‌షిప్ ఎప్పుడు పడుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. లేకపోతే డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. ఇంటర్న్‌షిప్‌లకు చాలావరకు జీతం ఉండదు. అప్లై చేసే ముందే కోఆర్డినేటర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: స్కూల్‌ని యూనివర్సిటీ వెతికి పెడుతుందా, విద్యార్థే వెతుక్కోవాలా? దొరకకపోతే ఏం చేస్తారు?

డబ్బు విషయంలో పాత సలహాలు ఇప్పుడు పనిచేయవు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. గ్రాడ్యుయేట్ విద్యార్థులకు మిగిలిన ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు దాటదు. కోర్సులను పోల్చేటప్పుడు క్రెడిట్ రేటు చూసి మురిసిపోకుండా మొత్తం లెక్కగట్టండి. క్రెడిట్ 700 డాలర్ల చొప్పున 60 క్రెడిట్లకు 42,000 అవుతుంది, 800 చొప్పున 48 క్రెడిట్లకు 38,400 అవుతుంది. పబ్లిక్ స్కూల్లో ఫుల్‌టైమ్ చేసే కౌన్సెలర్లకు 120 నెలసరి చెల్లింపుల తర్వాత మాఫీ అయ్యే పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ వర్తిస్తుంది. టీచర్ లోన్ ఫర్‌గివ్‌నెస్ మాత్రం కౌన్సెలర్లకు వర్తించదు. ఈ రెండూ ఒకటే అనుకుని అప్పు లెక్క వేసుకోకండి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చేవారు మరికొంత చూసుకోవాలి. ఈ కోర్సు స్టెమ్ జాబితాలో లేదు, కాబట్టి ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) 12 నెలలే, 24 నెలల పొడిగింపు రాదు. ప్రాక్టికమ్, ఇంటర్న్‌షిప్‌లకు సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే) అనుమతి మొదటి రోజుకు ముందే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడితే అదే స్థాయి ఓపీటీ పోతుంది, వారానికి 20 గంటలు మించకుండా చూసుకుంటే ఆ ఇబ్బంది లేదు. ఫుల్‌టైమ్ చదువు లెక్కలోకి ఒక సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది కాబట్టి పూర్తి ఆన్‌లైన్ కోర్సు మీద ఎఫ్-1 కుదరదు. స్కూల్ డిస్ట్రిక్ట్‌లకు యూనివర్సిటీల్లా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) కోటా మినహాయింపు సాధారణంగా ఉండదు, లాటరీలో నిలబడాల్సిందే. హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవారి కుటుంబానికిచ్చే వీసా) మీద చదువుకోవచ్చు గానీ సీపీటీ, ఓపీటీ ఆ స్టేటస్‌కి లేవు. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా జీతంలేని ఇంటర్న్‌షిప్ అయినా చేయవచ్చా అన్నది చేరకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుతో, ఇమిగ్రేషన్ లాయర్‌తో తేల్చుకోండి. ఆ 600 గంటలు లేకపోతే డిగ్రీయే రాదు.

బయటి దేశపు డిగ్రీకి కోర్సువారీ ఇవాల్యుయేషన్ (అమెరికా చదువుతో పోల్చి విలువ కట్టడం) చేయించాలి. యూనివర్సిటీ ఒప్పుకునే సంస్థా, తర్వాత లైసెన్స్ ఇచ్చే రాష్ట్రం ఒప్పుకునే సంస్థా ఒకటేనా అని ముందే చూస్తే రెండోసారి డబ్బు కట్టే పని తప్పుతుంది. మూడేళ్ళ డిగ్రీ ఉన్నవారు దాన్ని బ్యాచిలర్స్‌కి సమానంగా తీసుకుంటారా అని ప్రతి యూనివర్సిటీనీ విడిగా అడగాలి.

ఇక ఎస్‌ఓపీ. ఈ రంగంలో దాన్ని చదివే ప్రొఫెసర్లు భాష కంటే ముందు చూసేది, రాసినవారికి ఈ ఉద్యోగం ఏమిటో తెలుసా అని. "పిల్లలకు థెరపీ ఇవ్వాలనుంది" అని రాస్తే అక్కడే అనుమానం మొదలవుతుంది. స్కూల్ కౌన్సెలర్ దీర్ఘకాలిక థెరపీ చేయరు. క్లాసులో పాఠాలు, చిన్న బృందాలు, తక్కువ సమయపు వ్యక్తిగత కౌన్సెలింగ్, కాలేజీ, కెరీర్ ప్రణాళిక, తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడటం, అవసరమైతే బయటి నిపుణుల దగ్గరికి పంపడం, ఇవీ పనులు. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫార్సు చేసే నిష్పత్తే 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్. అంతమందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడితే ఏడాది చాలదు. ఈ లెక్క అర్థమైనట్టు కనిపించే ఎస్‌ఓపీ నిలబడుతుంది. "గైడెన్స్ కౌన్సెలర్" అన్న పాత పేరు రాయకండి. ఈ ఉద్యోగానికి ఆ అసోసియేషన్ 1990లోనే "స్కూల్ కౌన్సెలర్" అన్న పేరుకు మారింది.

సొంత బాధ గురించి రాయాలా వద్దా? రాయవచ్చు, కానీ రెండు మూడు వాక్యాలకు మించకుండా, అది ఇప్పుడు సర్దుకుందని తెలిసేలా. పేజీ నిండా గాయమే ఉంటే, అలాంటి పిల్ల ఎదురైనప్పుడు ఈ వ్యక్తి తట్టుకోగలరా అన్న ప్రశ్న కమిటీకి వస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి తావివ్వకండి. ట్యూషన్‌లోనో వాలంటీర్ పనిలోనో కలిసిన పిల్లల సంగతి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పేరు తీసేస్తే సరిపోదు. స్కూలు, తరగతి, కుటుంబ పరిస్థితి కలిపితే ఆ పిల్ల ఎవరో పోల్చుకోవచ్చు. గోప్యత కాపాడటమే వృత్తిగా ఎంచుకున్నవారు అప్లికేషన్‌లోనే దాన్ని జారవిడిస్తే, మిగతా రాత ఎంత బాగున్నా కలిసిరాదు.

రికమండేషన్ లెటర్లు సాధారణంగా మూడు. పిల్లలతో మీరు పనిచేయడం చూసిన సూపర్‌వైజర్ నుంచి ఒకటైనా ఉండేలా చూసుకోండి. కుటుంబ స్నేహితుల లెటర్లు బరువు తగ్గిస్తాయి. కనీసం ఆరు వారాల ముందు అడగండి, మీ ఎస్‌ఓపీ చిత్తుప్రతి కూడా పంపండి. లెటర్ చూసే హక్కును వదులుకుంటారా అని ఫారం అడిగినప్పుడు వదులుకోవడమే మేలు, చూసే హక్కు అట్టిపెట్టుకున్న లెటర్‌ని అంత నమ్మకంగా చదవరు. అప్లోడ్ లింకు ఈమెయిల్‌లో వెళ్తుంది, స్పామ్‌లో పడిందేమో వారిని చూడమని చెప్పండి. ట్రాన్స్‌క్రిప్ట్ చదివిన ప్రతి కాలేజీ నుంచీ కావాలి, వేసవిలో తీసుకున్న ఒక్క కోర్సైనా సరే. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌ల్లో కాల్ స్టేట్ అప్లై అనే ఉమ్మడి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపడంతో పని అయిపోకపోవచ్చు, డిపార్ట్‌మెంట్ విడిగా ఏమైనా అడుగుతుందేమో చూడండి, ఆ గడువు ముందే ఉండవచ్చు.

ఇంటర్వ్యూ తరచూ బృందంగా జరుగుతుంది. అందరికంటే ఎక్కువ మాట్లాడినవారు గెలిచినట్టు కాదు, పక్కవారి మాట విని దాన్ని ముందుకు తీసుకెళ్ళేవారి కోసం చూస్తారు. ఒక విద్యార్థి తనను తాను గాయపరచుకుంటున్నానని చెప్పి, ఎవరికీ చెప్పొద్దంటే ఏం చేస్తారు అన్న తరహా ప్రశ్న రావచ్చు. "రహస్యంగా ఉంచుతాను" అన్నది తప్పు జవాబు. వెంటనే "ప్రిన్సిపాల్‌కి అప్పగిస్తాను" అని తెంచేయడమూ బాగుండదు. ప్రాణానికి ముప్పున్నప్పుడు గోప్యతకు హద్దు ఉంటుంది. ఆ హద్దును పిల్లకి మొదట్లోనే చెప్పి ఉంచడం, ఒంటరిగా వదలకపోవడం, సూపర్‌వైజర్‌ని పిలవడం, తల్లిదండ్రులకు తెలియజేయడం, ఈ వరుసలో ఆలోచిస్తున్నట్టు కనిపించాలి. ఇంట్లోనే హింస ఉందని అనుమానమైతే దారి వేరు: కౌన్సెలర్లు చట్టప్రకారం రిపోర్టు చేయాల్సినవారు.

సీటు వచ్చాక కూడా ఒక తనిఖీ మిగిలే ఉంటుంది. స్కూల్లో అడుగుపెట్టే ముందు వేలిముద్రలతో నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది. పెన్సిల్వేనియాలో మూడు వేర్వేరు క్లియరెన్సులు కావాలి: రాష్ట్ర పోలీసులది, బాలల వేధింపుల రికార్డుది, ఎఫ్‌బీఐది. పాత కేసు ఏదైనా ఉంటే, కొట్టేసినదైనా సరే, డిపాజిట్ కట్టకముందే లైసెన్సింగ్ ఆఫీసుని అడగండి. ఫారంలో ప్రశ్న ఎలా ఉందో అక్షరం అక్షరం చదివి జవాబివ్వండి. చాలా సందర్భాల్లో పాత తప్పు కంటే దాన్ని దాచడమే లైసెన్స్‌కి ఎక్కువ అడ్డమవుతుంది.