కమర్షియల్ బిల్డింగ్ కొనే ముందు తనిఖీ ఎలా చేయించాలి?

బిల్డింగ్ చూపించేవాళ్లు మిమ్మల్ని ఎప్పుడూ ముందు గుమ్మం నుంచే లోపలికి తీసుకెళ్తారు. గ్రానైట్ మెరుస్తుంటుంది, ఏసీ చల్లగా తగులుతుంది, నెలకు అద్దె ఎంతొస్తుందో లెక్క కాగితం చేతిలో పెడతారు. వచ్చే పదేళ్లలో ఆ బిల్డింగ్ మీ చేత ఎంత ఖర్చు పెట్టిస్తుందో మాత్రం ఆ కాగితంలో ఉండదు. తనిఖీ చేయించేది ఆ లెక్క కోసమే. లోపాలు లేని బిల్డింగ్ ఎక్కడా ఉండదు. ఏం చెడింది, ఎప్పుడు బాగు చేయించాలి, ఎంతవుతుంది అన్నవి తేలితే చాలు.

1. ముందు అగ్రిమెంట్‌లో రాయించండి

అడ్వాన్స్ ఇచ్చాక తనిఖీ గురించి అడిగితే అమ్మేవాళ్లకు తొందర ఉండదు. అందుకే తనిఖీకి గడువు, పెద్ద లోపం బయటపడితే ధర మళ్లీ మాట్లాడుకునే హక్కు, బేరం వదులుకుంటే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడం అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. అద్దెకున్నవాళ్ల గదులు, డాబా, లిఫ్ట్ మెషీన్ రూమ్, సెల్లార్ అన్నీ తెరిచి చూపించాలని కూడా రాయించండి. 'తాళం చెవి ఉన్నాయన ఊళ్లో లేడు' అనే మాట సరిగ్గా తనిఖీ రోజునే వినపడుతుంది.

2. ఇంజినీర్ మీ మనిషి అయి ఉండాలి

ఫీజు మీరే ఇవ్వండి, రిపోర్టు మీ పేరునే తీసుకోండి. అమ్మేవాళ్లు చూపించే పాత రిపోర్టును చదవండి గానీ దాని మీద ఆధారపడొద్దు. బ్రోకర్ 'నాకు తెలిసిన ఇంజినీర్ ఉన్నాడు' అంటే ధన్యవాదాలు చెప్పి ఊరుకోండి. ఆ ఇంజినీర్ మంచివాడే కావచ్చు, కానీ అతనికి రేపటి పని ఇచ్చేది బ్రోకరే కదా.

ఈ రకం తనిఖీకి అమెరికాలో రూపొందిన ఏఎస్‌టీఎం ఈ2018 అనే ప్రమాణం ఉంది. బిల్డింగ్ అంతా తిరిగి చూడటం, కాగితాలు పరిశీలించడం, నిర్వహణ చూసేవాళ్లతో మాట్లాడటం, మరమ్మతులకు ఎంతవుతుందో అంచనా ఇవ్వడం అందులో ఉంటాయి. అయితే అది ప్రధానంగా కంటితో చూసే తనిఖీ. గోడ తొలిచి చూడటం, మెషీన్లు విప్పి చూడటం అందులోకి రావు. కాబట్టి లిఫ్ట్, కరెంటు, ఫైర్ పనులకు వేరే నిపుణులు కావాలా అన్నది మొదటి రోజే మాట్లాడుకోండి.

3. కాగితాలు

మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగ్‌ను వాడుకోవచ్చని ఇచ్చే పత్రం), ఫైర్, లిఫ్ట్ అనుమతులు, మెయింటెనెన్స్ ఒప్పందాలు అడగండి. వాటికంటే నాకు పాత మరమ్మతు బిల్లుల మీదే గురి ఎక్కువ. ఒకే డాబాకు ఐదేళ్లలో మూడుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించారంటే నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో వాళ్లకే అంతుపట్టలేదన్నమాట.

ఆ స్థలంలో అంతకుముందు ఏముండేదో కూడా కనుక్కోండి. పెట్రోల్ బంకో డ్రైక్లీనింగ్ షాపో ఉండి ఉంటే ఇంధనం, రసాయనాలు మట్టిలోకి ఇంకి ఉండొచ్చు. అలాంటప్పుడు మట్టి పరీక్ష విడిగా చేయించాలి.

4. పైనుంచి కిందికి తిరగండి

ఏ వేళకు వెళ్తున్నామన్నది ముఖ్యం. గట్టి వాన పడిన మర్నాడు దొరికితే వదులుకోవద్దు. కరెంటు ప్యానెళ్లను థర్మల్ కెమెరాతో (వేడిని చూపించే కెమెరా) చూడాలంటే మాత్రం పని రోజున, అందరూ ఏసీలు వేసుకున్న వేళ వెళ్లాలి. లోడ్ లేనప్పుడు లూజు కనెక్షన్ వేడెక్కదు, కెమెరాలో కనపడదు. సెలవు రోజున ప్రశాంతంగా చూసొద్దామనుకుంటే సగం తనిఖీ వృథా.

డాబా మీద నీళ్లు నిలిచిన మరకలు, మూసుకుపోయిన గొట్టాలు, పిట్టగోడ మొదట్లో పగుళ్లు చూడండి. అక్కడి నుంచి కింది అంతస్తుకు దిగి, ఫాల్స్ సీలింగ్ పలకలు నాలుగైదు చోట్ల ఎత్తించండి. పైన పటారం లోన లొటారం అన్నది ఇక్కడ అక్షరాలా కనపడుతుంది. కింద తెల్లటి పలక, టార్చ్ వేసి చూస్తే పైన స్లాబ్ పెచ్చులూడి, చువ్వలు ఎర్రగా బయటికి తేలి ఉంటాయి. చువ్వ తుప్పు పడితే ఆ తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటును లోపలి నుంచి పగలగొట్టేది అదే. దాని మీద సిమెంటు పూసి రంగు వేస్తే కొన్నాళ్లు కనపడదు, అంతే.

అనుమానం ఉంటే ఇంజినీర్ చిన్న కన్నం వేసి, అప్పుడే తెగిన కాంక్రీటు మీద ఫినాఫ్తలిన్ అనే రసాయనం చల్లుతారు. గులాబీ రంగు తేలితే కాంక్రీటులో క్షారం ఇంకా ఉంది, చువ్వకు రక్షణ ఉన్నట్టే. రంగు మారకపోతే అంత లోతు వరకు ఆ రక్షణ పోయినట్టు. రంగు మారని ఆ లోతు చువ్వ దాకా వెళ్లిందా, లేదా అన్నదే ప్రశ్న. చూడటానికి నిమిషాల పనే గానీ లక్షల బేరాన్ని తిప్పేస్తుంది.

ఆఫీసులకని కట్టిన అంతస్తును గోడౌన్‌గా వాడుతున్నారేమో గమనించండి. ఆఫీసు ఫ్లోర్‌ను మామూలుగా చదరపు మీటరుకు 250 నుంచి 400 కిలోల బరువుకు డిజైన్ చేస్తారు. కాగితం కట్టలు మీటరు ఎత్తు పేరిస్తే 700 కిలోలు దాటుతుంది.

సెల్లార్‌లో మోకాలి ఎత్తు వరకు మాత్రమే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. పంపు స్విచ్ నేల నుంచి ఎంత ఎత్తులో బిగించారో చూసినా, అక్కడికి నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో అర్థమవుతుంది.

ఫైర్ పంపు ఉందని చెప్తే నమ్మొద్దు, నడిపించండి. అన్నిటికంటే పైన, దూరంగా ఉన్న పైపు తిప్పితే నీళ్లు ఏ జోరున వస్తున్నాయో చూడండి. మెట్ల దారిలో పాత కుర్చీలు, తలుపుకు అడ్డంగా ఇటుక దాదాపు ప్రతిచోటా ఉంటాయి. అవి తీయించడం ఖర్చు లేని పని. లిఫ్ట్, ఏసీలకు తయారీ ఏడాది రాసుకోండి, ఫొటో తీసుకోండి.

5. వాచ్‌మన్‌తో మాట్లాడండి

ఓనరు చెప్పనిది ఆయన చెప్తాడు. 'లీకులున్నాయా' అని అడిగితే లేవంటాడు. 'వానొస్తే బకెట్ ఎక్కడ పెడతారు?' అని అడిగి చూడండి, చేయి దానంతటదే అటు చూపిస్తుంది.

6. రిపోర్టును డబ్బులోకి మార్చండి

ఎనభై పేజీల రిపోర్టు, నాలుగు వందల ఫొటోలు చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఇంజినీర్‌ను కూర్చోబెట్టి ప్రతి లోపం పక్కన రెండు అంకెలు రాయించండి: ఏ ఏడాదిలో, ఎంత. వెంటనే చేయాల్సిన వాటి ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. ఐదారేళ్లలో వచ్చే లిఫ్ట్, ఏసీ మార్పిడి ఖర్చును ఏటా అద్దెలోంచి ఎంత పక్కన పెట్టాలో లెక్కేసి, ఆ తర్వాత మిగిలేదే అసలు రాబడి అనుకోండి. అద్దె ఒప్పందాలు కూడా పక్కన పెట్టుకు చదవండి. మరమ్మతు అద్దెదారుదని రాసుంటే లెక్క మారిపోతుంది.

రంగు, టైల్స్, పాత ఏసీలు బేరమాడే విషయాలు. పునాది కుంగడం, ప్లాన్‌లో లేని అంతస్తు అలాంటివి కావు. వాటి దగ్గర నేనైతే లేచి వచ్చేస్తాను.

రిజిస్ట్రేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి వెళ్లండి. చేయిస్తామన్న మరమ్మతులు చేశారో లేదో చూసి, మొదటిసారి తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని జనరేటర్, ఏసీలు, బ్యాటరీలు అవే ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి.