జేసన్‌బి కాలమ్‌తో ఓఆర్‌ఎమ్ మొండికేస్తే

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌బి (జేసన్ డేటాను దాచే టైపు) కాలమ్ పెట్టుకోవడం నిమిషం పని. దాన్ని ఓఆర్‌ఎమ్ (కోడ్‌లోని ఆబ్జెక్ట్‌లను టేబుళ్లతో కలిపే లైబ్రరీ) గుండా నడిపించడం దగ్గరే తిప్పలు.

సమస్య: జావా ఓఆర్‌ఎమ్ హైబర్నేట్‌లో సేవ్ కొట్టగానే ఎర్రర్. కాలమ్ టైపు జేసన్‌బి, వచ్చిన విలువేమో క్యారెక్టర్ వేరియింగ్ అంటుంది. చిత్రం ఏమిటంటే, అదే ఇన్సర్ట్‌ను పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ పీఎస్‌క్యూఎల్‌లో పేస్ట్ చేస్తే చక్కగా వెళ్తుంది.

కారణం: కోట్స్ మధ్య నేరుగా రాసిన విలువకు సర్వర్ ముందే టైపు కట్టదు, కాలమ్ చూసి జేసన్‌బిగా మార్చుకుంటుంది. జావా స్ట్రింగ్‌ను పారామీటర్‌గా పంపినప్పుడు మాత్రం జేడీబీసీ డ్రైవర్ (జావాను డేటాబేస్‌తో కలిపేది) దానికి వార్‌చార్ (క్యారెక్టర్ వేరియింగ్‌కే పొట్టి పేరు) అని చీటీ అంటించి పంపుతుంది. వార్‌చార్‌ను జేసన్‌బిగా దానంతటదే మార్చే క్యాస్ట్ (టైపు మార్పిడి) పోస్ట్‌గ్రెస్‌లో లేదు.

పరిష్కారం: హైబర్నేట్ 6 అయితే ఫీల్డ్ మీద జేడీబీసీ టైప్‌కోడ్ యానోటేషన్ పెట్టి, ఎస్‌క్యూఎల్‌టైప్స్‌లోని జేసన్ ఇవ్వండి. జేసన్‌ను చదివి రాసే జాక్సన్ లాంటి లైబ్రరీ క్లాస్‌పాత్‌లో ఉండాలి. హైబర్నేట్ 5లో సొంత యూజర్‌టైప్ రాసుకోవాలి, లేదా అలాంటి టైపులు రెడీగా ఉన్న హైపర్‌సిస్టెన్స్ యుటిల్స్ లైబ్రరీ వాడుకోవాలి. కాలమ్ డెఫినిషన్‌లో జేసన్‌బి అని రాశాం కదా, ఇంకేం కావాలి అనుకుంటారు చాలామంది. అది టేబుల్ క్రియేట్ చేసేటప్పుడే పనికొస్తుంది, విలువ ఎలా బైండ్ అవుతుందో దానికి పట్టదు. కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో స్ట్రింగ్‌టైప్‌ను అన్‌స్పెసిఫైడ్ చేసినా ఎర్రర్ పోతుంది. కానీ అది అప్లికేషన్‌లోని ప్రతి స్ట్రింగ్‌కూ వర్తిస్తుంది కాబట్టి నేనైతే చివరి దారిగానే చూస్తాను. పోస్ట్‌గ్రెస్ ఈనమ్ (ముందే ఇచ్చిన విలువలే పట్టే టైపు) కాలమ్‌లతో వచ్చే ఎర్రర్‌కూ మూలం ఇదే.

సమస్య: పైథాన్ ఓఆర్‌ఎమ్ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ఎర్రర్ ఏదీ రాదు, మార్పు మాత్రం సేవ్ కాదు. అసలు టెన్షన్ దీంతోనే. సెట్టింగ్స్ డిక్షనరీలో భాష అనే కీ మార్చి కమిట్ చేశారు, పేజీ రిఫ్రెష్ చేస్తే పాత భాషే. ఇంజిన్‌లో ఎకో (వెళ్లే ఎస్‌క్యూఎల్‌ను లాగ్‌లో చూపే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి, లాగ్‌లో అప్‌డేట్ లైనే ఉండదు.

కారణం: యాట్రిబ్యూట్‌కు కొత్త విలువ అసైన్ చేస్తేనే సెషన్‌కు (మార్పులను గమనించి డేటాబేస్‌కు పంపేది) తెలుస్తుంది. లోపల ఒక్క కీ మారిస్తే ఆబ్జెక్ట్ అదే కదా, పట్టించుకోదు.

పరిష్కారం: కాలమ్ టైపును మ్యూటబుల్‌డిక్ట్‌తో చుట్టండి. అయితే అది పై వరస కీలను మాత్రమే గమనిస్తుంది. డిక్షనరీలో ఇంకో డిక్షనరీ ఉంటే, మార్చాక, మార్పు జరిగిందని సెషన్‌కు చెప్పే ఫ్లాగ్ మాడిఫైడ్ ఫంక్షన్ పిలవండి, లేదా లోపలి డిక్షనరీతో సహా పూర్తి కాపీ (డీప్‌కాపీ) తీసి మార్చి తిరిగి అసైన్ చేయండి.

హైబర్నేట్‌లో దీనికి తలకిందులు కూడా జరుగుతుంది: చదివి వదిలేసిన రికార్డుకు కూడా ప్రతిసారీ అప్‌డేట్ వెళ్తుంటుంది. జేసన్‌కు మ్యాప్ చేసిన మీ క్లాస్‌లో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మెథడ్స్ లేవేమో చూడండి, విలువ మారిందో లేదో పోల్చడానికి అవి కావాలి.

ఇక జేసన్‌బిలో కీ ఉందో లేదో చూసే ప్రశ్నార్థకం (?) ఆపరేటర్. జేడీబీసీ దాన్ని పారామీటర్ అనుకుంటుంది, అందుకే రెండుసార్లు రాయాలి. బదులుగా జేసన్‌బి ఎగ్జిస్ట్స్ ఫంక్షన్ వాడితే ఫలితం అదే వస్తుంది గానీ, జిన్ ఇండెక్స్ (జేసన్‌బిలో వేగంగా వెతకడానికి పెట్టేది) అక్కరకు రాదు. టేబుల్ పెద్దదైతే క్వెరీ నత్తనడక నడుస్తుంది.